ఒకే కాగితం మీద రెండు సంతకాలు

నేను తెలుగు టీచర్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లల వ్యాసాలు దిద్దడమే తప్ప సొంతంగా రాసింది తక్కువ. రాసినవాటిలో నేను బాగా మురిసిపోయింది ఒక ఆరు వాక్యాల ప్రకటన. అది రాయకుండా, నలుగురూ వాడే లైసెన్సు మాటలే ఆ చోట పెట్టి ఉంటే, కిందివీధిలో ఒక ఆడమనిషి ఇవాళ రెండు కాళ్ళ మీద నడుస్తూ ఉండేది. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి కథ చేయడానికి నాకు మనసొప్పలేదు.

ఫ్యాక్షన్ రోజులవి. మా బడి ఉన్న ఊరు జమ్మలమడుగు నుంచి బస్సులో ముక్కాలుగంట. ఊరికి రెండు వీధులు, పైవీధి, కిందివీధి. పైవీధి ఒక పార్టీ, కిందివీధి ఇంకొక పార్టీ. మా వైపు పార్టీ అంటే ఓటు ఒక్కటే కాదు. ఏ హోటల్లో టీ తాగాలి, ఎవరి ఆటో ఎక్కాలి, ఎవరి చావుకు పోవాలి, అన్నిటికీ పార్టీ ఉంటుంది. చౌక దుకాణం ముందు కూడా రెండు వరసలు. ఊరంతటికీ ఒక్కటిగా మిగిలింది బడి. అదీ ఊరికే మిగల్లేదు. నేను ఆ ఊరికి రాకముందు ఎన్నికలప్పుడు జెండా కట్టిన ట్రాక్టరు ఒకటి బడి గేటు లోపలికి వచ్చిందట. దాని మీద గొడవై నాలుగు నెలలు బడి మూతబడింది. ఆ ఏడు పదో తరగతి పిల్లలు పరీక్షే రాయలేదు.

ఆ తర్వాత రాజీ కాగితం రాసుకున్నారు, బడి గేటు లోపల పార్టీ మాట, జెండా, కట్టె ఉండకూడదని. అక్కడ సంతకానికి ఒక పద్ధతి ఉంది. ముందు పెట్టినవాడు తగ్గినట్టు లెక్క. అందుకని కాగితాన్ని బల్ల మీద పరిచి, ఇద్దరు పెద్దలూ చెరోవైపు నిలబడి, ఒకేసారి పెన్ను ఆనించి పెడతారు. ఎటునుంచి చూసినా ఒక సంతకం సరిగ్గా ఉంటుంది, ఇంకొకటి తలకిందులుగా ఉంటుంది. కాగితం చివర ఒక మాట తప్పకుండా రాస్తారు: ఇది రాసినవాళ్ళకూ వర్తిస్తుంది. రాసినవాడు బయటుంటే ఎవరి తరఫున రాశాడో అని అనుమానం వస్తుంది, అందుకు. ఆ కాగితానికి అద్దం బిగించి హెడ్మాస్టరు గదిలో పెట్టారు. రోజూ హాజరు పుస్తకంలో సంతకం చేసేటప్పుడు దాన్ని చూసేదాన్ని. అంత మంచి కాగితం లోకంలో లేదనుకునేదాన్ని.

మా పెద్దమ్మ నాతోనే జమ్మలమడుగులో ఉండేది. నర్సుగా పనిచేసి రిటైరైంది. దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబం మాది. మా ఇంట్లో ఆడవాళ్ళు చదువుకుంటే రెండే దారులు, టీచరు కావాలి, లేదా నర్సు కావాలి. నేనొకటి, ఆమె ఒకటి. మా బడిలో ఒక పిల్లకు వేడి గంజి ఒంటి మీద పడితే వాళ్ళమ్మ దాని మీద పేడ పూసి తీసుకొచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు పెద్దమ్మ తల కొట్టుకుంది. "వీళ్ళకు ఎవురూ ఏమీ చెప్పరు గదా. నేను చెప్తా, నువ్వు రాయి" అంది. అట్లా మొదలైంది పుస్తకం. ఇరవై నాలుగు పేజీలు. డాక్టరు దగ్గరికి చేరేలోపల ఏం చేయాలి, ఏం చేయకూడదు. కాలితే, తెగితే, బిడ్డకు విరేచనాలైతే, తేలు కుడితే, పాము కరిస్తే. సాయంత్రం బడి నుంచి రాగానే ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. ఆ మూడు నెలలు మా ఇంట్లో పండగే.

ప్రొద్దుటూరులో ఒకాయన డీటీపీ సెంటరు పెట్టుకుని ఉండేవాడు. కువైట్‌లో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. నాలుగు కంప్యూటర్లలో రెండింట్లో పెళ్ళిపత్రికలు, రెండింట్లో ఇంటర్నెట్. నేను అన్నా అనేదాన్ని, ఆయన టీచరమ్మా అనేవాడు. అట్ట రంగు దగ్గరే మాకు సగం రోజు పట్టింది. ఏ రంగు వేసినా ఎవరిదో ఒకరి జెండా. చివరికి గోధుమరంగు కాగితం మీద నల్ల అచ్చు వేయిద్దామనుకున్నాం. అప్పుడాయన అట్ట లోపలి పేజీ చూపించి, "ఈడ ఏం పెట్టాల" అని అడిగాడు.

"సర్వహక్కులూ అని వేస్తారు గదా, అది వద్దు. అందరికీ పంచేదానికి హక్కులెందుకు" అన్నాను.

"అట్లంటే దీనికి తయారుగా ఉండే లైసెన్సులు ఉండాయి టీచరమ్మా" అంటూ ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "లాయర్లు కూర్చోని ఆలోచన చేసి పెట్నారు. లోకమంతా అవే వాడతాండారు. ఎవురైనా అచ్చేసుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. మీ పేరు చెప్పాల, ఏం మార్చినారో చెప్పాల, మార్చినోళ్ళు గూడా దాన్ని ఇట్లే అందరికీ ఇడిసిపెట్టాల. అంతే. మిమ్మల్ని వెతుక్కుంటా ఎవురూ రానక్కర్లేదు."

నేను చదివాను. చప్పగా అనిపించింది. తెలుగు టీచర్ని కదా, నా పుస్తకం మొదటి పేజీలో ఎవరో రాసిన పొడి మాటలేంటి అనిపించింది. అది ఒకటి. రెండోది భయం. మార్చుకోవచ్చు అంటే రేపు ఎవడో తమ నాయకుడి ఫొటో అట్ట మీద వేసుకుని పంచుతాడు. అది పంచిన మరునాడు రెండోవీధి వాళ్ళు పుస్తకాన్ని గుమ్మం తొక్కనివ్వరు. ఆ మాటే ఆయనతో అన్నాను.

"ఏసుకోనీ" అన్నాడు. "తేలు కుట్టినోనికి ఫొటో అడ్డమొస్తాదా?"

"నీకు మా ఊరు తెల్దన్నా" అన్నాను.

ఆయన కంప్యూటర్ మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. నేను ఇంటికొచ్చి మూడు రోజులు కూర్చుని రాశాను. ఒక్కో మాటా తీసి పెట్టి, పెట్టి తీసి. నా తలకాయ. ఇదీ అది:

"ఈ పుస్తకం రెండు వీధులదీ. ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఏ పార్టీవారూ ఇది తమదని చెప్పుకోకూడదు. ఇందులో ఒక్క అక్షరం తీయకూడదు, కలపకూడదు, మార్చకూడదు. మళ్ళీ అచ్చు వేయాలన్నా, మార్చాలన్నా రెండు వీధుల పెద్దల సంతకాలూ ఒకే కాగితం మీద ఉండాలి. ఇది చెప్పినవారికీ రాసినవారికీ కూడా వర్తిస్తుంది."

డీటీపీ అన్న దాన్ని టైపు చేస్తూ చేస్తూ ఆగాడు. "రేప్పొద్దున అనంతపురమోడు ఎవురో దీన్ని చూస్తే, ఈ రెండు వీధుల పెద్దలు ఎవురని ఎవురిని అడగాల టీచరమ్మా?" అన్నాడు. మన ఊరికోసం కదా అన్నాను. ఇంకొక ప్రశ్న వేశాడు. "మీదే తప్పుంటే?" పెద్దమ్మ నలభై ఏళ్ళు చేసిన పని, అందులో తప్పేముంటుంది అని కోపంగానే అన్నాను. ఆయన టైపు చేశాడు.

అచ్చు వేసేముందు పెద్దలిద్దరినీ బడికి పిలిచాం. అప్పుడు రాజీ బాగానే నడుస్తోంది. పద్ధతి ప్రకారం బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి నా ప్రకటన కింద సంతకం పెట్టారు. ఆ పేజీని అట్లాగే, తలకిందుల సంతకంతో సహా, పుస్తకం మొదట్లో అచ్చు వేయించాం. పైవీధిలో ఎన్ని ఇళ్ళో అన్నీ తీసుకున్నాయి, కిందివీధిలో ఎన్ని ఇళ్ళో అన్నీ తీసుకున్నాయి. ఊళ్ళో రెండు వైపులా ఒకేలా ఉన్న వస్తువు ఆ పుస్తకం ఒక్కటే. హెడ్మాస్టరు ప్రార్థనలో నా ఆరు వాక్యాలు చదివి వినిపించాడు. పెద్దమ్మకు శాలువా కప్పారు. నాకు గర్వం నెత్తికెక్కింది, ఎందుకు దాచుకోవాలి.

ఏడాది తిరక్కుండానే పులివెందుల వైపు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, కూలీల మధ్య తిరిగే ఒక నర్సమ్మ రాసింది. పుస్తకం మా ఊరి కోడలొకామె ద్వారా ఆమె చేతికి చేరింది. శానా బాగుంది, మా తోటల్లో పంచుకోవాలని ఉంది, కానీ పదకొండో పేజీ తప్పు అని రాసింది. పాము కరిస్తే కరిచిన చోటికి పైన తాడుతో గట్టిగా కట్టి, తాడులో పుల్ల దూర్చి మెలిపెట్టమని మేం రాశాం. అట్లా కడితే రక్తం ఆడక కాలో చెయ్యో చచ్చిపోతుంది, ఇప్పుడెవరూ కట్టమని చెప్పడం లేదు, కాలు కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవడమే అని వివరంగా రాసింది. కింద ఇంకొక మాట ఉంది. "మార్చకూడదని మీరు రాసినారు కాబట్టి నేను మార్చలేదు మేడం. మీరు ఒప్పుకుంటే మార్చి అచ్చేయిస్తాను."

పెద్దమ్మ ఆ ఉత్తరాన్ని భూతద్దం పెట్టి రెండుసార్లు చదివింది. మాకు ట్రైనింగులో అట్లే చెప్పినారే అంది. తర్వాత తనకు తెలిసిన డాక్టరమ్మకు ఫోన్ చేయించింది. ఆమె కూడా నర్సమ్మ మాటే చెప్పింది. ఫోన్ పెట్టేసి పెద్దమ్మ నా ముఖం చూసింది. "ఆ పేజీ తీసెయ్యి. రేపే తీసెయ్యి" అంది.

రేపే తీసేయడానికి ప్రకటన అడ్డం. నేను రాసిందే.

అప్పటికి ఊరు మళ్ళీ చెడింది. పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ దగ్గర కొట్టుకున్నారు. రెండు ఇళ్ళ మీద బాంబులు పడ్డాయి. పైవీధి పెద్దాయన ఊరు వదిలి ప్రొద్దుటూరులో ఇల్లు తీసుకున్నాడు. కిందివీధి పెద్దాయన పులివెందుల దగ్గర తన చీనీ తోటలో ఉంటున్నాడు. ఇద్దరి చుట్టూ మనుషులు. ఒకరినొకరు చూసుకునే పరిస్థితి లేదు, ఒక బల్లకు చెరోవైపు నిలబడడం మాట దేవుడెరుగు.

మొదట ప్రొద్దుటూరు పోయాను. గేటు దగ్గర నా సంచీ తడిమి చూసి లోపలికి పంపారు. పైవీధి పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. కాగితం చూపించి, ఒక పేజీ మార్చాలి, సంతకం కావాలి అన్నాను. ఆయన కాగితం వైపు చూశాడు, అందులో ఉన్నది చదవలేదు.

"వాడు పెట్నాడా?"

"ఇంకా లేదన్నా. ఇక్కణ్ణుంచి అక్కడికే పోతాను."

"ముందు వాన్ని పెట్టమను. వాడు పెడితే నేను పెడతా."

రెండు బస్సులు మారి పులివెందుల పోయాను. తోట దగ్గరికి ఆటో. కిందివీధి పెద్దాయన చీనీకాయలు కోయించి ఇచ్చాడు. కాగితం చూశాడు. ఇంకొకాయన సంతకం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండడం చూశాడు. "ఈడ ఆయప్పది ల్యాకుండా నాది యాల పెట్టల్ల టీచరమ్మా? నువ్వు గూడా నన్ను తగ్గమంటాండావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. నవ్వుతూనే అన్నాడు. నేను కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాను.

తర్వాత ఏడు నెలలు ఇదే పని. సెలవు దొరికితే ప్రొద్దుటూరు, లేదంటే పులివెందుల. చెరొక కాగితం మీద పెట్టండి, నేను రెండూ కలిపి పెట్టుకుంటానని బతిమాలాను. పైవీధి పెద్దాయన దగ్గరుండే మనిషి పుస్తకం తెచ్చి మొదటి పేజీ తెరిచి, "ఒకే కాగితం అని నువ్వే రాస్తివి గదమ్మా" అన్నాడు. నా మాట నా ముఖాన కొట్టాడు. పాస్టరుగారిని మధ్యలో పెట్టాను. ఆయన ఒకసారి పోయి వచ్చి, ఇంక నన్ను పంపొద్దమ్మా, నాకు పిల్లలుండారు అన్నాడు. ఎస్సైని అడిగాను. పుస్తకంలో పేజీ కోసం ఇద్దరినీ ఒకచోటికి తెచ్చి నేను చావాలా అన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. తిరిగేకొద్దీ ఒకటే ఆలోచన. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఆ పదకొండో పేజీ ఉంది. పత్తి చేలల్లో, శనగ చేలల్లో పాములు ఉన్నాయి. ఇవాళో రేపో.

పిల్లలకు తరగతిలో చెప్పాను. పాము కరిస్తే కట్టకండి, పుస్తకంలో ఉన్నది తప్పు అని. వాళ్ళు ఇంటికి పోయి చెప్పారు. మరునాడు ఒక పిల్ల వచ్చి, "మా నాయన నమ్మలేదు మేడం. ఇద్దరు పెద్దోళ్ళు సంతకం పెట్టిన పుస్తకం, మీ మేడం ఒక్కతే అంటే అయితాదా అన్న్యాడు" అంది. ఆ సంతకాల పేజీ వేయించింది పుస్తకానికి గౌరవం రావాలనే. వచ్చింది గౌరవం. మంచి పేజీలతో పాటు ఆ పాడు పేజీకి కూడా వచ్చింది.

పెద్దమ్మ ప్రతి సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఉండేది. నేను సంచీ దించకముందే, "పెట్నారా" అని అడిగేది. లేదంటే లోపలికి పోయి పడుకునేది. అన్నం సరిగ్గా తినేది కాదు. ఒకరోజు నాతో చెప్పకుండా కత్తెర తీసుకుని, మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కి ఊరికి పోయింది. ఇంటింటికీ పోయి పేజీ కత్తిరిద్దామని. పైవీధిలో నాలుగిళ్ళు ఒప్పుకున్నాయి. ఐదో ఇంట్లో అడ్డం తిరిగారు. అక్కణ్ణుంచి కిందివీధికి పోతే, "పైవీధి నుంచి వస్తాండావు, ఎవురు పంపినారు నిన్ను?" అని గుమ్మంలోనే ఆపారు. ఎవరూ పంపలేదు, నా తప్పు నేను దిద్దుకోవడానికి వచ్చినా అందట. వాళ్ళు నమ్మలేదు. నాలుగు పేజీలు చీర కొంగులో కట్టుకుని ఇంటికొచ్చి మంచం మీద పరిచింది. "నేను బతికుండంగానే అయ్యేట్టు చూడు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవలేదు.

నర్సమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఇంకా కాలేదా మేడం అని. మొదటిసారి సంజాయిషీ చెప్పాను. రెండోసారి ఆమె, "పోనీ నేనే మొదట్నుంచి వేరే పుస్తకం రాసుకుంటా మేడం, మీరు ఇబ్బంది పడొద్దు" అంది. ఆమెకు రోజుకు పది ఊళ్ళు తిరిగే పని. ఎప్పుడు రాస్తుంది? రాసినా మా ఊరి ఇళ్ళల్లో ఉన్న పుస్తకం ఎక్కడికి పోతుంది? అడగకుండా మార్చేయమ్మా తల్లీ అని అరవాలనిపించింది. మార్చకూడదని రాసినదాన్ని నేనే కదా.

డీటీపీ అన్న అయితే తిట్టినంత పని చేశాడు. "పేజీ మార్చి నా మొగాన పడెయ్యండి, నేను అచ్చేస్తా. ఎవురికి చెప్పాలంటాండారు?"

"సంతకం పెట్టిన కాగితమన్నా. తప్పితే మళ్ళీ బడి మూయిస్తారు. ఒకసారి మూసినారు."

"బడి మూసేది ట్రాక్టరుకు. పాముమందుకు ఎవుడు మూస్తాడు?"

నేను వినలేదు. ఆ భయం అబద్ధం కాదు. ఆ నాలుగు నెలల్లో చదువు పోగొట్టుకున్న పిల్లలు ఇప్పుడు కూలికి పోతూ రోజూ నా కళ్ళ ముందే కనిపించేవాళ్ళు. కానీ భయం ఒక్కటే అంటే అది కూడా అబద్ధమే అవుతుంది. ఆ ఆరు వాక్యాల మీద నాకు మమకారం ఉండింది. ప్రార్థనలో చదివించుకున్న మాటలు. మాట తప్పని టీచరమ్మ అనిపించుకోవాలని కూడా ఉండింది. ఇంకొక్కసారి పోతే పెడతారేమో, ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ తిరిగాను.

సోమవారం బడికి పోయేసరికి స్టాఫ్ రూములో చెప్పుకుంటున్నారు. కిందివీధి ఆమె, ముప్పై ఏళ్ళుంటాయి, రాజుపాలెం వైపు శనగ చేలో కూలికి పోతే శనివారం పాము కరిచిందట. పక్కన ఉన్నామె మా బడిలోనే చదువుకున్నది. పదకొండో పేజీ నోటికొచ్చు. పశువుల పలుపు తీసి మోకాలి కింద గట్టిగా కట్టి, పుల్ల దూర్చి మెలిపెట్టింది. బండి దొరికి, ఆటో దొరికి ప్రొద్దుటూరు చేరేసరికి నాలుగు గంటలు. ఆస్పత్రి చేరేదాకా విప్పకూడదని కూడా పుస్తకంలో రాశాం కదా, విప్పలేదు. ఆదివారం కాలు తీసేశారు. కాటు పడిన చోట పెద్దగా ఏం లేదంట, కట్టిన చోటు నుంచి కిందికే నల్లబడిందంట అని లెక్కల సారు చెప్తున్నాడు. నేను పుస్తకాల సంచీ అక్కడే వదిలేసి బయటికొచ్చాను. హెడ్మాస్టరుకు కూడా చెప్పలేదు. ప్రొద్దుటూరు బస్సు వస్తే ఎక్కాను.

డీటీపీ అన్న నా ముఖం చూసి చేతిలో పని పక్కన పెట్టాడు. కంప్యూటర్‌లో పుస్తకం తెరిచాడు. పదకొండో పేజీ నర్సమ్మ ఉత్తరంలో రాసినట్టే మార్చాం, దిద్దింది ఆమేనని రాశాం. మొదటి పేజీకి పోయాక నా ఆరు వాక్యాలను మొత్తం ఎంచుకుని, తీసేయనా అన్నట్టు చూశాడు. నేనే మీట నొక్కాను. ఆ చోట తయారుగా ఉన్న లైసెన్సు మాటలు పెట్టాడు. మొదటిసారి చప్పగా ఉన్నాయనుకున్న మాటలే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఏం మార్చారో చెప్పాలి. ఈసారి వాటిలో ఒక్కొక్క మాటకూ నాకు ఊరూరూ నడిచిపోయే కాళ్ళు కనపడ్డాయి. సందకాడికి అచ్చు అయిపోయింది. ఏడు నెలల పని ఒక మధ్యాహ్నంలో అయింది.

అక్కడే, ఆ వేడిలోనే, పైవీధి పెద్దాయన ఇంటికి పోయాను. మాట తప్పానని నా నోటితో నేనే చెప్పాలి, ఏం చేస్తాడో చేసుకోనీ అనుకున్నాను. కొత్త పుస్తకం ఆయన ముందు పెట్టి, సంతకాలు లేకుండానే మార్చేశానన్నా, తప్పు నాది, బడి జోలికి రావద్దు అన్నాను. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది?"

"మీరు సంతకం పెట్టాలని నేను ఏడు నెలలుగా తిరుగుతున్నది దీనికోసమేనన్నా."

"ఓ, ఆ సంతకమా. అది పుస్తకం గురించా?" అన్నాడు. "నేను యాడనో పొలం గట్టు తకరారు అనుకుంటిని."

ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. నా మీద. ఆయన ఎన్నడూ చదవని కాగితానికి నేను కాపలా కాశాను. అక్కణ్ణుంచి ఎట్లా బయటికొచ్చానో, బస్సు ఎక్కడ ఎక్కానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. బడిని ఎవరూ మూయలేదు. కిందివీధి పెద్దాయన దగ్గరనుంచి కబురు కూడా రాలేదు.

ఇరవై రోజులకు, కాలు పోయిన ఆమెను ఇంటికి తీసుకొచ్చారు. పెద్దమ్మ తాను వస్తానంది. వద్దన్నాను, ముందు నేను పోవాలి. కిందివీధి చివర ఇల్లు. ఆమె గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది, దుప్పటి మోకాళ్ళ దాకా కప్పారు. ఒకవైపు దుప్పటి కింద ఏమీ లేదు. నన్ను చూసి లేవబోయింది, లేవలేక చేతులు జోడించింది.

"మీ పుస్తకం పుణ్యానే బతికినా మేడం. ఆయమ్మ అట్ల కట్టకుంటే ఆ చేన్లోనే పోయ్యేదాన్ని" అంది. వాళ్ళత్త లోపలినుంచి పుస్తకం తెచ్చింది, పసుపు మరకలతో. దేవుని పటం పక్కన పెట్టుకున్నారట.

ఆ మాట అట్లాగే ఉంచుకుని వచ్చేయొచ్చు. వాళ్ళకు నేను దేవతనే. ఒక్క నిమిషం అట్లా అనిపించింది కూడా, అబద్ధం చెప్పను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. చెప్పాను. కట్టడం తప్పు, కట్టబట్టే కాలు పోయింది, ఆ తప్పు మాట రాసింది నేను. వాళ్ళత్త ఏందేందో అంటూ ఉంది, ఆమె వినడం లేదు.

"మీకు ఎప్పుడు తెల్సె?" అని అడిగింది.

"ఏడు నెలల కిందట."

"తెల్సినంక ఏం చేస్తాంటిరి మేడం?"

"సంతకాల కోసం తిరుగుతా ఉంటి."

ఎవరి సంతకాలు, ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పడానికి బోలెడు ఉంది నా దగ్గర. రాజీ కాగితం, బడి, ట్రాక్టరు, రెండు వీధులు. ఆమె అవేవీ అడగలేదు. కొత్త పుస్తకాలు నా సంచీలోంచి కనపడుతున్నాయి. ఒకటి తీసుకుంది. పదకొండో పేజీ ఎక్కడుందో ఆమెకు తెలుసు, తెరిచి వేలితో కూడబలుక్కుంటూ చదివింది. మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళు తుడుచుకుంది. మూసి తన పక్కన పెట్టుకుంది.

"ఖాజీపేట కాడ మా అక్క ఉండాది" అంది. "పోయిన ఉగాదికి నేనే ఒకటి తీసకపోయి ఇచ్చినా. ఆ పాత పుస్తకమే. వాళ్ళు దినామూ పసుపు తోటలోనే ఉంటారు."

నేను ఊరు పేరు, ఇంటి గుర్తులు అడిగి రాసుకున్నాను. వాళ్ళత్త కాఫీ పెడతానంది.

"కాపీ యాల అత్తా" అంది ఆమె. నా వైపు తిరిగింది. "మూడు గంటలకు బస్సుండాది మేడం. ఈడ కూర్చోని ఏం చేస్తాండారు? పోండి."